తీర్మానం ఎక్కడి దాకా పోతుంది: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల స్థానిక సంస్థలు, శాసనసభ

ఒక ఊరికి రాష్ట్రం నుంచి ఏం కావాలి, అందులో ముందు అడగాల్సింది ఏది, ఎవరి చేత అడిగించాలి అన్నవి తేల్చుకోవడం స్థానిక సంస్థలు చేసే పనుల్లో ఒకటి. చట్టంలో దీనికి ప్రత్యేకంగా అధ్యాయం లేదు. అయినా పురపాలికలకు రాని అధికారాలు, అందని నిధులు, మారాల్సిన హద్దులు అన్నీ హైదరాబాద్‌లోనే తేలతాయి కాబట్టి అడగడం రాని పట్టణం వెనుకబడిపోతుంది. పాత కరీంనగర్ జిల్లా పడమటి భాగంలోని జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ పురపాలికలూ, వాటి చుట్టూ ఉన్న ఇబ్రహీంపట్నం లాంటి మండల కేంద్రాలూ ఈ పనిని ఎలా చేసుకొస్తున్నాయో ఈ వ్యాసం చెబుతుంది.

ఇబ్రహీంపట్నం అనగానే చాలామందికి గుర్తొచ్చేది రంగారెడ్డి జిల్లా పురపాలిక, లేదంటే విజయవాడ పక్కన కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడ చెప్పేది ఆ రెండూ కాదు. జగిత్యాల జిల్లాలో మెట్‌పల్లికి దగ్గర్లో, గోదావరి దక్షిణపు ఒడ్డున ఉన్న మండలం ఇది. పేరులో పట్నం ఉన్నా పాలన గ్రామ పంచాయతీదే. శాసనసభకు కోరుట్ల నియోజకవర్గం, లోక్‌సభకు నిజామాబాద్. అంటే ఈ ఊరి కోరిక పంచాయతీ తీర్మానంగా పుట్టి, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు మీదుగా, లేదా నేరుగా కోరుట్ల ఎమ్మెల్యే ఇంటి మీదుగా రాజధానికి చేరాలి. ఆచరణలో రెండో దారే బాగా అరిగింది.

మాట సంగతి

శాసనసభ్యులను కలిసి తమకు కావాల్సిన చట్టం కోసం, నిధి కోసం ఒప్పించే పనిని పడమటి దేశాల్లో లాబీయింగ్ అంటారు. మన పత్రికలు కూడా ఆ మాటను అలాగే వాడుతున్నాయి. ఊళ్ళో మాత్రం దాన్ని పైరవీ అంటారు. పైరవీలో కొంచెం చీకటి, కొంచెం సొంత లాభం వాసన ఉంటాయి. అందుకే ఏ మున్సిపల్ చైర్మనూ తాను పైరవీ చేశానని చెప్పుకోడు, విన్నవించానంటాడు. వినతిపత్రం, అర్జీ, మెమోరాండం, సిఫారసు లేఖ అనే నాలుగు కాగితాల చుట్టూ ఈ వ్యవహారమంతా తిరుగుతుంది. భారతదేశంలో లాబీయింగ్‌కు లైసెన్సు లేదు, నమోదు లేదు, దాన్ని నియంత్రించే చట్టమూ లేదు.

అమెరికాలో ఈ పని రాతపూర్వకంగా సాగుతుంది. తెలుగువాళ్ళు వేలల్లో స్థిరపడ్డ ఫ్రిస్కో, ఇర్వింగ్ నగరాలున్న టెక్సాస్ సంగతే చూద్దాం. అక్కడి శాసనసభ రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరం జనవరిలో కూడుతుంది. మామూలు సమావేశం 140 రోజులకు మించదు. అందుకని సభ కూడక ముందే నగర కౌన్సిళ్ళు ఏ బిల్లును సమర్థించాలి, దేన్ని అడ్డుకోవాలి అని జాబితా రాసుకుని తీర్మానం చేస్తాయి. 1913లో పుట్టిన టెక్సాస్ మున్సిపల్ లీగ్ నగరాలన్నిటి తరఫునా మాట్లాడుతుంది. చాలా నగరాలు జీతమిచ్చి లాబీయిస్టులను పెట్టుకుంటాయి. పన్నుల సొమ్ముతో ఈ పని చేయించకూడదంటూ అక్కడి సెనేట్లో పలుమార్లు బిల్లులు వచ్చాయి కూడా. జగిత్యాలలో గానీ కోరుట్లలో గానీ అలాంటి జాబితా రాసుకునే ఆనవాయితీ లేదు. ఎమ్మెల్యే ఉండగా జాబితా ఎందుకన్నట్టు ఉంటుంది.

రాజ్యాంగం ఇచ్చింది, ఇవ్వనిది

73వ సవరణ 1993 ఏప్రిల్ 24న, 74వ సవరణ అదే ఏడు జూన్ 1న అమల్లోకి వచ్చాయి. పంచాయతీలకు 29 అంశాలతో పదకొండో షెడ్యూలు, పురపాలికలకు 18 అంశాలతో పన్నెండో షెడ్యూలు వచ్చాయి. అయితే ఆ అంశాల్లో ఏది ఎంత అప్పగించాలో నిర్ణయించే అధికారం రాష్ట్ర శాసనసభ చేతిలోనే ఉండిపోయింది. స్థానిక సంస్థల కోర్కెల చరిత్రంతా ఈ ఒక్క వాక్యం నుంచి మొదలవుతుంది. షెడ్యూలులో ఉన్న నీళ్ళు, రోడ్లు, పట్టణ ప్రణాళిక కోసం కూడా పైకి చూడాల్సిందే.

రాష్ట్రంలో ఇప్పుడు పంచాయతీలకు 2018 పంచాయతీరాజ్ చట్టం, హైదరాబాద్ మహానగరం మినహా మిగతా పట్టణాలకు 2019 పురపాలక చట్టం నడుస్తున్నాయి. రెండోదానిలో ఒక విశేషం ఉంది. రాష్ట్రంలోని పురపాలికల పేర్లు, వాటిలో కలిసిన గ్రామాల పేర్లు చట్టానికి జతచేసిన షెడ్యూలులోనే ఉంటాయి. ఒక గ్రామాన్ని కలపాలన్నా విడదీయాలన్నా ఆ షెడ్యూలు మారాలి, అంటే శాసనసభ కదలాలి. దీనికి పూర్తి విరుద్ధంగా, కొత్త జిల్లా ఏర్పాటుకు శాసనసభ అక్కర్లేదు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు. చిన్న హద్దుకు చట్టం, పెద్ద హద్దుకు ఉత్తర్వు. సిరిసిల్లకు ఈ రెండూ అనుభవంలోకి వచ్చాయి.

డబ్బు పంపకం కోసం రాజ్యాంగం ప్రతి ఐదేళ్ళకూ రాష్ట్ర ఆర్థిక సంఘం వేయమంది. తెలంగాణ తొలి ఆర్థిక సంఘానికి అధ్యక్షుడు జి. రాజేశం గౌడ్, జగిత్యాల నుంచి శాసనసభకు వెళ్ళి మంత్రిగా చేసిన నాయకుడు. 2024లో వచ్చిన తర్వాతి సంఘానికి అధ్యక్షుడు వరంగల్ మాజీ ఎంపీ సిరిసిల్ల రాజయ్య. ఆయనకు సిరిసిల్ల ఇంటిపేరు. స్థానిక సంస్థలు తమ లెక్కలతో, కాగితాలతో వెళ్ళి వాదించుకోవడానికి రాజ్యాంగం ఏర్పరచిన వేదిక ఇదొక్కటే. దానికి పత్రికల్లో దక్కే చోటు మంత్రి పర్యటన వార్తలో పదో వంతు కూడా ఉండదు.

కౌన్సిల్ హాల్లో ఒక పూట

2020 జనవరి 22న జరిగిన ఎన్నికల్లో జగిత్యాలకు 48 మంది, సిరిసిల్లకు 39 మంది, కోరుట్లకు 33 మంది, మెట్‌పల్లికి 26 మంది వార్డు సభ్యులు. సాధారణ సమావేశం రోజున ఎజెండా కాపీలు బల్లల మీద ఉంటాయి. ఒక్కో అంశాన్నీ కార్యాలయ సిబ్బంది చదువుతారు: మోరీల పూడికతీత, వీధిదీపాల కొనుగోలు, ట్రాక్టర్ల మరమ్మతు, పారిశుధ్య కార్మికుల వేతనాలు. చదవడం సగంలో ఉండగానే ముందు వరుస నుంచి ‘ఆమోదం’ అని వినిపిస్తుంది. ప్రతిపక్ష సభ్యుడు లేచి తన వార్డులో నల్లా రావడం లేదంటాడు. ‘అది ఎజెండాలో లేదు కదా’ అంటారు. అన్నీ అయిపోయాక టేబుల్ ఎజెండా వస్తుంది. అప్పటికప్పుడు చేర్చిన అంశాలు ఇవి. గొడవలన్నీ సాధారణంగా వీటి దగ్గరే.

ప్రభుత్వాన్ని కోరుతూ చేసే తీర్మానాలు ఈ జాబితా చివరన ఎక్కడో ఉంటాయి. ప్రత్యేక నిధులు ఇవ్వాలని, ఫలానా ప్రభుత్వ స్థలం పురపాలికకు అప్పగించాలని, ఖాళీ పోస్టులు నింపాలని. తీర్మానం కమిషనర్ సంతకంతో కలెక్టర్‌కు, అక్కడి నుంచి పురపాలక శాఖ సంచాలకుల కార్యాలయానికి, చివరికి సచివాలయానికి పోతుంది. చాలా తీర్మానాలు ఈ మెట్లలో ఏదో ఒకదాని మీద కూర్చుండిపోతాయి. చైర్మన్‌కు ఈ సంగతి తెలుసు. అందుకే తీర్మానం నకలు జేబులో పెట్టుకుని మంత్రి వచ్చిన రోజున శాలువా, పూలబొకేతో పాటు దాన్ని కూడా చేతికిస్తారు. మరునాటి జిల్లా పేజీలో ఆ ఫొటో వస్తుంది. ఫైలు కదిలేది తీర్మానం నంబరుతోనా, ఆ ఫొటోతోనా అంటే, ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా రెండోదే చెబుతారు.

అదే సమావేశంలో వేదిక మీద చైర్మన్ పక్కన ఇంకో కుర్చీ ఉంటుంది. ఎమ్మెల్యే, ఎంపీ, ఎమ్మెల్సీ పురపాలికలో ఎక్స్ అఫీషియో సభ్యులు, వాళ్ళకు ఓటు కూడా ఉంది. 2020లో చాలాచోట్ల చైర్మన్ పదవిని తేల్చింది ఈ ఓట్లే. కౌన్సిల్ కోరికను సభకు మోసుకెళ్ళాల్సిన మనిషే కౌన్సిల్‌ను నిలబెట్టిన మనిషి కూడా కావడంతో ప్రాధాన్యాల క్రమం కింది నుంచి పైకి కాక పై నుంచి కిందికి రాసినట్టవుతుంది. ఎమ్మెల్యే వద్దన్న అంశం తీర్మానం దాకా రాదు, కావాలన్నది టేబుల్ ఎజెండాలో వస్తుంది. నియోజకవర్గ అభివృద్ధి నిధి ఏటా 5 కోట్ల రూపాయలకు పెరగడంతో ఈ వాలు మరింత పెరిగింది. చిన్న పురపాలికకు సొంత పన్నుల మీద జీతాలు, డీజిలు, కరెంటు బిల్లు పోగా అంత సొమ్ము చేతిలో మిగలడం అరుదు.

శాసనసభలో ఎమ్మెల్యేకు ఉన్న సాధనాలు కొన్నే: నక్షత్ర గుర్తు ప్రశ్న, జీరో అవర్, పద్దుల మీద చర్చ, పిటిషన్ల కమిటీ. ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది, అది రికార్డులో నిలుస్తుంది. జీరో అవర్‌లో రెండు నిమిషాల మాటకు మంత్రి నోట్ చేసుకున్నామనే అంటారు. అయినా ఊళ్ళో ఎక్కువ పేరు జీరో అవర్‌కే, ఆ రెండు నిమిషాల వీడియో ఫోన్ల నిండా తిరుగుతుంది కాబట్టి.

సిరిసిల్ల: అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒకరే అయినప్పుడు

2009 నుంచి సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారక రామారావు. 2016లో ఆయన పురపాలక శాఖ మంత్రి అయ్యారు, చేనేత జౌళి శాఖ కూడా ఆయన దగ్గరే ఉండేది. తన పట్టణం అర్జీ తన బల్ల మీదికే వచ్చే స్థితి అప్పట్లో రాష్ట్రంలో ఇంకే పురపాలికకూ లేదు.

అంతటి సిరిసిల్లకు కూడా జిల్లా మొదటి జాబితాలో రాలేదు. 2016 ఆగస్టు 22న విడుదలైన ముసాయిదాలో జగిత్యాల ఉంది, సిరిసిల్ల లేదు. బంద్‌లు, దీక్షలు, ర్యాలీలు సాగాయి. అక్టోబర్ తొలి వారంలో గద్వాల, జనగామ, ఆసిఫాబాద్ డిమాండ్లతో పాటు దీన్ని కూడా కె. కేశవరావు సారథ్యంలోని సంఘం పరిశీలించింది. అక్టోబర్ 11న దసరా నాడు మొదలైన 21 కొత్త జిల్లాల్లో రాజన్న సిరిసిల్ల ఒకటి. పురపాలిక తీర్మానం ఈ కథలో ఎక్కడో మూలన ఉంటుంది, నడిపింది వీధి.

పట్టణం అసలు కోరిక మాత్రం సాంచలది. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. పాతిక వేలకు పైగా సాంచలు, వాటి మీద కూలికి నేయించే ఆసాములు, నూలు ఇచ్చి గుడ్డ కొనే సేట్లు, పన్నెండు గంటల పాళీలో నిలబడే కార్మికులు. గిరాకీ పడిపోయిన ఏళ్ళలో ఆత్మహత్యల పట్టణమని పేరు పడింది. ఇలాంటి ఊరికి రోడ్డు కంటే ప్రభుత్వ ఆర్డరు ముఖ్యం. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకంతో ఏటా కోటి దాకా చీరలు పంచారు, నేత ప్రధానంగా సిరిసిల్లకు వచ్చింది. అది కొనసాగినన్నాళ్ళు పట్టణపు ప్రాధాన్యాల జాబితాలో మొదటి గీతను రాష్ట్ర బడ్జెట్టే రాసింది. ప్రభుత్వం మారాక పథకం ఆగింది, సాంచలు ఆగాయి, బకాయిలు మిగిలాయి. ఆ తర్వాత స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇందిరా మహిళా శక్తి చీరల ఆర్డరు వచ్చింది, వేములవాడలో నూలు డిపో మంజూరైంది. ఒకే కొనుగోలుదారుడి మీద బతికే పట్టణం ఆ కొనుగోలుదారుడు మారినప్పుడల్లా తన కోర్కెను మొదటి నుంచి మళ్ళీ చెప్పుకోవాల్సి వస్తుంది.

కరెంటు సంగతీ ఇలాంటిదే. సిరిసిల్ల ప్రాంతానికి విద్యుత్తు ఇచ్చేది 1970లో పుట్టిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరి నోటా సెస్. సాంచలకు ఇచ్చే రాయితీని ప్రభుత్వం సెస్‌కు భర్తీ చేయాలి. అది రాకపోతే వెనకటి బకాయిలన్నీ కలిపి ఆసామి మీద బిల్లు పడుతుంది. ఈ విషయం పురపాలిక పరిధిలో లేదు, అయినా కౌన్సిల్‌లో సగం మంది ఇళ్ళలో సాంచలున్నప్పుడు అది ఎజెండాలో లేదని ఎవరూ అనలేరు.

ఇక విలీన గ్రామాలు. పెద్దూరు, రగుడు, బోనాల వంటి చుట్టుపక్కల ఊళ్ళను పురపాలికలో కలిపారు. కలిసిన మరునాటి నుంచీ అక్కడ ఉపాధి హామీ పని పోయింది, పట్టణపు ఇంటిపన్ను వచ్చింది. వ్యవసాయ కూలీకి మున్సిపాలిటీ అంటే ఉపాధి పని పోవడమే. మమ్మల్ని మళ్ళీ పంచాయతీ చేయండి అన్నది వాళ్ళ కోరిక. ముందు చెప్పిన షెడ్యూలు కథ ఇక్కడ పనిచేస్తుంది. కలెక్టర్ సానుభూతి చూపినా, కౌన్సిల్ తీర్మానించినా సరిపోదు, చట్టం మారాలి. ఈ పట్టణాల కోర్కెల్లో అచ్చంగా శాసనసభను మాత్రమే అడగాల్సిన కోరిక అంటే ఇదే, విచిత్రంగా దీన్ని అడిగేది పట్టణం కాదు, పట్టణంలో ఉండనంటున్న పల్లె.

కోరుట్ల, మెట్‌పల్లి: రెండు పట్టణాలు, ఒకే సంతకం

63వ నంబరు జాతీయ రహదారి మీద పక్కపక్కనే ఉన్న ఈ రెండు పురపాలికలదీ ఒకే నియోజకవర్గం. ఒకప్పుడు నియోజకవర్గం పేరు మెట్‌పల్లి. 2009 పునర్విభజనతో కోరుట్ల అయింది. 2016లో రెవెన్యూ డివిజన్ మెట్‌పల్లికి వచ్చింది. కోరుట్ల వాళ్ళు తమకూ కావాలని పట్టుబట్టి తర్వాత తెచ్చుకున్నారు. ఒకే ఎమ్మెల్యే చేతిలో రెండు పట్టణాల జాబితాలు ఉంటే పైన ఏది పెట్టాలన్నది ఏటా వచ్చే పేచీ. 2009, 2014, 2018లో ఇక్కడ గెలిచింది కల్వకుంట్ల విద్యాసాగర్‌రావు, 2023లో ఆయన కుమారుడు సంజయ్. పట్టణాల మధ్య తక్కెడ పట్టుకున్న ఇల్లు మారలేదు.

రెండు పట్టణాలకూ, ఇబ్రహీంపట్నం మండలానికీ ఉమ్మడి కోరిక చక్కెర ఫ్యాక్టరీ. మల్లాపూర్ మండలం ముత్యంపేటలోని నిజాం షుగర్స్ యూనిట్ ఈ ప్రాంతపు చెరకుకు గానుగ. 1937లో బోధన్‌లో మొదలైన సంస్థను 2002లో ప్రభుత్వం ప్రైవేటుకు 51 శాతం వాటాతో ఇచ్చింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం శాసనసభా సంఘాన్ని వేసింది. ఫ్యాక్టరీలను వెనక్కి తీసుకోవాలన్నది ఆ సంఘం మాట. 2015 డిసెంబర్‌లో బోధన్, మెదక్, ముత్యంపేట మూడు యూనిట్లకూ లే-ఆఫ్ ప్రకటించారు. చెరకు వేసినవాళ్ళు బండ్లను కామారెడ్డి వైపు తిప్పారు, చాలామంది చెరకే మానేశారు. 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన పునరుద్ధరణ సంఘం వేశారు, బ్యాంకు బకాయిలు తీర్చే పని మొదలైంది. ఒక కోరిక శాసనసభా సంఘం దాకా వెళ్ళి, నివేదికగా మారి, మళ్ళీ కోరికగా తిరిగొచ్చిన తీరుకు దీనికి మించిన ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు. పార్టీలన్నీ దాన్ని తమ జాబితాలో రాసుకున్నాయి, రైతులు మాత్రం ఇరవై ఏళ్ళుగా అదే అర్జీ రాస్తున్నారు.

పసుపు రైతులు ఇంకో దారి పట్టారు. మెట్‌పల్లి, నిజామాబాద్ మార్కెట్లు రాష్ట్రంలో పసుపుకు పేరున్నవి. క్వింటాలుకు 15,000 రూపాయల మద్దతు ధర, పసుపు బోర్డు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు అడిగీ అడిగీ విసిగి, 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 178 మంది రైతులు నామినేషన్ వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. వృద్ధులు గుర్తు వెతుక్కుంటూ ఆ వరుస చివరి దాకా నడిచారు. పసుపు బోర్డు తెస్తానని బాండు కాగితం రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని బోర్డు ప్రకటించారు, 2025 జనవరి 14న సంక్రాంతి నాడు అది మొదలైంది. కార్యాలయం నిజామాబాద్‌లోనే. ఏ పురపాలికా, ఏ జిల్లా పరిషత్తూ కదిలించలేని ఢిల్లీ ఫైలును నామినేషన్ పత్రాల కట్ట కదిలించింది. మద్దతు ధర సంగతి అలాగే ఉంది.

ఇబ్రహీంపట్నం మండలానికి నీళ్ళతో ఒక చిత్రమైన సంబంధం ఉంది. శ్రీరాంసాగర్ నుంచి మధ్యమానేరుకు పోయే వరద కాలువ ఈ పొలాల పక్క నుంచే పోతుంది. దానిలో నీళ్ళను వెనక్కి ఎత్తిపోసి శ్రీరాంసాగర్‌ను నింపే పునరుజ్జీవన పథకానికి 2017 ఆగస్టు 10న 1,067 కోట్ల అంచనాతో శంకుస్థాపన జరిగింది. దాని మూడు పంపుహౌజ్‌ల్లో ఒకటి ఈ మండలంలోని రాజేశ్వర్‌రావుపేటలో ఉంది. పంపులు నడిచేటప్పుడు కాలువ కట్ట మీద నిలబడితే నీళ్ళు ఎదురు వెళ్ళడం కనిపిస్తుంది, పక్క పొలంలో బోరు మోటారు చప్పుడు వినిపిస్తుంది. కాలువకు తూములు పెట్టి మా చెరువులు నింపండి అన్నది ఈ కాలువ పొడుగునా ఉన్న పంచాయతీల కోరిక. ఇంత పెద్ద ప్రాజెక్టు ఊరి మీదుగా పోతున్నా ఊరికి దానిమీద తీర్మానం తప్ప ఇంకే అధికారమూ లేదు.

గల్ఫ్ కోరిక ఈ మూడు నియోజకవర్గాలదీ ఒకటే. బస్టాండు పక్క ట్రావెల్స్ బోర్డులు చూస్తేనే తెలుస్తుంది. అక్కడ చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల పరిహారం ఇచ్చే ఉత్తర్వు 2024లో వచ్చింది; సంక్షేమ బోర్డు అడగడం సాగుతూనే ఉంది.

జగిత్యాల

జగిత్యాల పేరు, సిరిసిల్ల పేరు హైదరాబాద్‌లో మొదటిసారి కలిసి మోగింది పురపాలికల వల్ల కాదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రగా చరిత్రకెక్కిన రైతుకూలీల ఊరేగింపు, ఆ అక్టోబర్‌లోనే రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం వల్ల. కాగితం మీద కాక కాళ్ళ మీద నడిచిన కోరిక అది. ఆ అలవాటు పట్టణంలో కొంత ఇంకా ఉంది.

2023 జనవరిలో మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద చుట్టుపక్కల గ్రామాల రైతులు లేచారు. తమ పొలాలు వినోద మండలంగానో, రోడ్డుగానో రంగు వేసి కనిపించడంతో రోడ్డెక్కారు, పురపాలిక కార్యాలయం ముట్టడించారు. అదే వారంలో కామారెడ్డిలోనూ ఇదే గొడవ. ఆ ఒత్తిడికి రెండు పట్టణాల కౌన్సిళ్ళూ ముసాయిదా రద్దు కోరుతూ తీర్మానించాయి. గమనించాల్సిన సంగతేమిటంటే మాస్టర్ ప్లాన్‌ను కడకు ఆమోదించేది రాష్ట్ర ప్రభుత్వం, తిట్లు పడేది కౌన్సిలర్‌కు. పట్టణ ప్రణాళిక పన్నెండో షెడ్యూలులో మొదటి అంశం. ఆ మొదటి అంశమే పురపాలిక చేతిలో పూర్తిగా లేదని జగిత్యాల రైతులు కౌన్సిలర్లకు గుర్తుచేసినట్టయింది.

వైద్య కళాశాల విషయంలో అంత గొడవ లేకుండానే పని అయింది. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో వచ్చాయి. జిల్లాకొకటి అన్న విధానం వచ్చాక అడగాల్సిన పని కూడా తగ్గింది. కొత్త జిల్లా కోసం పోరాడినవాళ్ళు ఊహించని లాభం అది.

పెద్దల సభకు చిన్నల ఓటు

రాజ్యాంగం 171వ అధికరణం స్థానిక సంస్థలకు శాసనవ్యవస్థలో సొంత కుర్చీలు ఇచ్చింది. తెలంగాణ శాసనమండలిలోని 40 స్థానాల్లో 14 స్థానిక సంస్థలవి. సిద్ధాంతంలో ఇది ఏ అమెరికా నగరానికీ లేని సౌకర్యం. లాబీయిస్టును అద్దెకు తెచ్చుకోనక్కర్లేదు, సభ్యుణ్ణే ఎన్నుకోవచ్చు. ఉమ్మడి కరీంనగర్‌కు ఇలాంటి స్థానాలు రెండు. ఓటర్లు ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, పురపాలికల సభ్యులు, ఎక్స్ అఫీషియోలు. సర్పంచికి ఓటు లేదు. ఇబ్రహీంపట్నంలో ఊరు మొత్తం ఎన్నుకున్న సర్పంచి చూస్తూ ఉండాలి, ఎంపీటీసీ వెళ్ళి ప్రాధాన్య సంఖ్య వేసి రావాలి.

2021 డిసెంబర్‌లో ఆ రెండు స్థానాలకు పోటీ జరిగింది. ఓటర్లు పదమూడు వందల పైచిలుకు. టీఆర్ఎస్ నుంచి టి. భానుప్రసాదరావు, జగిత్యాలకు చెందిన ఎల్. రమణ, వాళ్ళకు ఎదురు, అదే పార్టీ నుంచి బయటికొచ్చిన కరీంనగర్ మాజీ మేయర్ రవీందర్ సింగ్. ఆయన పెట్టిన వాదన స్థానిక సంస్థల గౌరవం, నిధులు, అధికారాలు. పోలింగ్‌కు ముందు ఓటర్లను బస్సుల్లో క్యాంపులకు తీసుకెళ్ళారు. నిధులూ అధికారాలూ లేని ఎంపీటీసీకి ఐదేళ్ళలో దక్కిన పెద్ద మర్యాద ఆ వారమే అని అప్పట్లో జోకు. పార్టీ అభ్యర్థులిద్దరూ గెలిచారు. స్థానిక సంస్థల ప్రతినిధులు సభలో పార్టీ గొంతుతోనే మాట్లాడతారని అందరికీ తెలుసు. ఆ సంగతి ఓటు వేసినవారికి ముందుగానే తెలుసు.

మండలికి ఇంకో ఉపయోగం జగిత్యాల చూసింది. 2018లో శాసనసభ ఎన్నికల్లో ఓడిన టి. జీవన్‌రెడ్డి 2019లో పట్టభద్రుల స్థానం నుంచి మండలికి వెళ్ళారు. చక్కెర ఫ్యాక్టరీ, గల్ఫ్, పసుపు అంశాలు ఆ ఆరేళ్ళూ ఎగువ సభలో తరచూ వినిపించాయి.

చైర్మన్ల సొంత కోరిక ఒకటి చట్టం రూపం దాల్చబోయి ఆగింది. చైర్మన్ల మీద అవిశ్వాసం పెట్టడానికి ఉన్న మూడేళ్ళ గడువును నాలుగేళ్ళు చేసే సవరణను 2022లో ఉభయ సభలూ ఆమోదించినా గవర్నర్ దగ్గర నిలిచింది. ఈలోగా మూడేళ్ళు నిండాయి, రాష్ట్రమంతటా పురపాలికల్లో నోటీసుల వరద మొదలైంది. నిధుల కోసం ఎప్పుడూ ఒక్కటి కాని కౌన్సిలర్లు చైర్మన్‌ను దించడానికి మాత్రం బస్సెక్కి క్యాంపులకు వెళ్ళారు.

సంఘాలు కూడా ఉన్నాయి. సర్పంచులకు, ఎంపీటీసీలకు వేరువేరు ఫోరాలు, పంచాయతీరాజ్ చాంబర్. గౌరవ వేతనం, బిల్లులు, చెక్ పవర్ దగ్గర ఇవి గట్టిగా మాట్లాడతాయి. రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసుల మీద, పన్నెండో షెడ్యూలు అంశాల బదిలీ మీద అంత గట్టిగా మాట్లాడిన సందర్భాలు తక్కువ.

ప్రత్యేకాధికారుల కాలం

సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో, మండల, జిల్లా పరిషత్తులది ఆ జూలైలో, పురపాలికలది 2025 జనవరిలో ముగిసింది. ఎన్నికలు సకాలంలో జరగలేదు, ప్రత్యేకాధికారులు వచ్చారు. అడిగే తీర్మానం చేయడానికి సభే లేని కాలం అది. ప్రభుత్వం నియమించిన అధికారి ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం రాయడం ఎక్కడా జరిగేది కాదు. ఎన్నికైన పాలకవర్గం లేని చోట్లకు పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లు కూడా ఆగాయి. మండలిలో స్థానిక సంస్థల స్థానాలకు ఓటర్లుగా ఉన్న సభ్యుల గడువులు కరీంనగర్ ప్రాంతంలో ముగిసిపోయినా వాళ్ళు ఎన్నుకున్న ఎమ్మెల్సీలు మాత్రం కొనసాగారు.

ఆలస్యానికి ఒక కారణం బీసీ రిజర్వేషన్. స్థానిక సంస్థల్లో 42 శాతానికి 2025 మార్చిలో శాసనసభ బిల్లులు ఆమోదించింది, అవి రాష్ట్రపతి ఆమోదానికి ఢిల్లీ వెళ్ళాయి. సెప్టెంబర్ 26న ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, అక్టోబర్ 9న హైకోర్టు నిలిపివేసింది. చివరికి పాత పరిమితితోనే డిసెంబర్‌లో మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. పద్మశాలి, ముదిరాజ్, గౌడ కులాల వారు అధికంగా ఉన్న ఈ ప్రాంతంలో ఆ శాతం లెక్క ఏ రోడ్డు పని కంటే పెద్ద చర్చ.

కొత్త సర్పంచులు కుర్చీ ఎక్కేసరికి పాత సర్పంచుల పనుల బకాయిలు అలాగే ఉన్నాయి. వైకుంఠధామాలు, డంపింగ్ యార్డులు, సీసీ రోడ్లకు అప్పు తెచ్చి పెట్టినవాళ్ళు సొమ్ము కోసం హైదరాబాద్ బస్సెక్కుతూ, దారిలో పోలీసుల చేతిలో ఆగిపోతూ రెండేళ్ళు గడిపారు. ఊళ్ళల్లో బిల్లు అన్న మాటకు రెండర్థాలు. ఒక బిల్లు ఢిల్లీలో ఉంది, ఒక బిల్లు ట్రెజరీలో ఉంది. ఏ బిల్లు వచ్చిందని అడిగితే పాత సర్పంచి తడుముకోకుండా రెండోదాని గురించే చెబుతాడు.